పది నిమిషాల మూత

అకెయోకి మొగుడు అరింగో మీద పీకల దాకా కోపం. ఇంటి తలుపు గొళ్లెం ఊడి ఏడాదైంది. అతని కళ్లకి ఆనదు. చక్కెర మిల్లులో వాల్వుకి జలుబు చేసిందంటే మాత్రం అన్నం వదిలి పరిగెడతాడు. పోయిన వారం ఆ వాల్వు పేగులు చుట్టడానికి ఆమె కొత్త పైగుడ్డ పట్టుకుపోయాడు. "నేను చలికి వణికినా ఫరవాలేదు, ఆ ఇనప సవతికి గీత పడకూడదు," అని పక్కింటి వాళ్లందరికీ చెప్పుకుంది.

ఇవాళ ఆ మాట ఎవరితోనూ అనడం లేదు. అరింగో వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కింది. ఆమె ఈగలు తోలుతోంది. వాగు అవతల కొమ్ములు ఊదుతున్నారు. మిల్లులో న్యాంగ్వెసోని మింగిన చావుని ఆచారం ప్రకారం ఊరు దాటించడానికి అతని వాళ్లు ఎద్దుల్ని తోలుకుంటూ, ఈటెలు పట్టుకుని బయల్దేరారు.

నాలుగు రోజుల క్రితం ఈపాటికి న్యాంగ్వెసో అరింగో పక్కనే స్పానర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

కొత్త గొట్టాల్లోకి ముందు ఆవిరిని ఉద్ధృతంగా వదిలి, లోపలి తుప్పునీ వెల్డింగు చిట్టాన్నీ బయటికి చిమ్మించాలి. అవి తూటాల్లా వస్తాయి. దారిలో వాల్వు ఉంటే దాని నున్నటి బిళ్ల తూట్లు పడిపోతుంది. అందుకే వాల్వు పొట్ట విప్పి, బిళ్లనీ కాడనీ తీసి దాచి, ఆ పొట్టకి ఉక్కు మూత బిగిస్తారు. పన్నెండు బోల్టులు. అరింగో నాలుగు బిగించేసరికి ఫోర్‌మన్ ఒగోలా వచ్చాడు. అకెయోకి సొంత అన్న.

"పది నిమిషాల మూతకి పన్నెండెందుకు బావా? సాయంత్రం మళ్లీ విప్పేదేగా!"

"పది నిమిషాలని ఆవిరికి తెలుసా?"

"యార్డులో చెరుకు ఎండిపోతోంది. మేనేజరు నా ప్రాణం తోడేస్తున్నాడు. నీ వాల్వుని పెళ్లికూతుర్లా గుడ్డ చుట్టి దాచుకున్నావుగా, ఇంక తప్పుకో!"

అయిదో బోల్టు అరింగో చేతిలో ఉండగానే ఒగోలా బాయిలరు వైపు చెయ్యి ఊపాడు. మూడుసార్లు ఆవిరి వదిలినా మూత ఆగింది. నాలుగోసారి లేచింది. అది న్యాంగ్వెసో ఛాతీని పట్టుకుపోయింది. మిగిలిన ఒంటిని ఆవిరి ఉడకబెట్టింది. అతని కాలు పట్టి లాగిన అరింగో చేతికి ఒంటి తోలుతో సహా బూటు ఊడి వచ్చింది.

పరిగెత్తుకొచ్చిన మేనేజరు మొదట అడిగింది వాల్వు గురించే. వాల్వు క్షేమం. ఒక్క గీత పడలేదు.

సాయంత్రానికి గేటు మీద కాగితం అంటించారు: ఫిట్టర్ అరింగో అజాగ్రత్త వల్ల ప్రమాదం. కింద ఒగోలా సంతకం.

"మా అన్నే వద్దన్నాడని చెప్పొచ్చుగా," అంది అకెయో ఇప్పుడు, ఈగలు తోలుతూనే.

"చెప్తే నువ్వెటు నిలబడతావు?"

"ముందు చెప్పి చావు. తర్వాత చూసుకుందాం."

కొమ్ములు దగ్గరికొచ్చాయి. ఊరవతలకి పోవలసిన ఎద్దులు జెముడు కంచె తొక్కుకుని వాకిట్లోకొచ్చాయి. వాటి వెనకాల ఒళ్లంతా బూడిద పూసుకున్న మగాళ్లు.

"చావు ఇక్కడే దాక్కుందిరా!" అని అరిచాడు న్యాంగ్వెసో తమ్ముడు అబుయా.

మొదటి దెబ్బకి అరింగో నుదురు చీలింది. కర్రలు వరసగా పడ్డాయి. అకెయో రోకలి ఎత్తి ఒకడి పళ్లు రాలగొట్టింది. ఇంకొకడు ఆమెని జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. అబుయా అరింగోని కాలిన చెయ్యి పట్టుకునే ఈడ్చాడు. తోలు తొడుగులా జారి అతని గుప్పిట్లోకి వచ్చేసింది. అరింగో కేకకి ఎద్దులు బెదిరి పక్కకి జరిగాయి.

అబుయా ఈటె గొంతు మీద ఆనించాడు. "ఎన్ని బిగించావురా?"

"నాలుగు."

"ఎన్ని ఉండాలి?"

"పన్నెండు."

"మరెందుకు బిగించలేదు?"

అరింగో గుంపు చివరికి చూశాడు. అక్కడ ఒగోలా ఉన్నాడు, అందరిలాగే బూడిద పూసుకుని, అందరిలాగే ఈటె పట్టుకుని. ఈటె మొన కింద నెత్తురు చుక్క పుట్టి మెడ మీదకి జారింది.

అకెయో గోడ పట్టుకుని లేచింది. పెదవి పగిలి మాట ముద్దగా వస్తోంది. "మా అన్న వద్దన్నాడు అబుయా. అడుగు. అదిగో, నీ వెనకే, నీ అన్న కోసం ఏడుస్తూ వచ్చాడు."

గుంపు విడిపోయింది. ఒగోలా ఒక్కడే మిగిలాడు.

"ఆడదాని మాట..." అని మొదలెట్టి, అబుయా గుప్పిట్లో వేలాడుతున్న తోలుని చూసి ఆగిపోయాడు. తన ఈటె కింద పడేశాడు.

"వదిలెయ్," అన్నాడు. "వాడు బిగిస్తానన్నాడు. వద్దన్నది నేను."

"గట్టిగా చెప్పు. ఆ వెనక మా అమ్మ ఉంది."

ఒగోలా ముసలమ్మ వైపు తిరిగాడు. బూడిద మీద చెమట చారలు కట్టింది.

"నీ కొడుకుని చంపింది నేను పెద్దమ్మా. కాగితం అబద్ధం. తప్పు నాది."