మానేసినవాళ్ల జాబితా

బడిలో ఇరవై ఏళ్లుగా వంట చేస్తున్న ఆవిడ వాగులో ఎంగిలి మెతుకు కూడా పడనిచ్చేది కాదు. ఆ నీళ్లతోనే వందమంది పిల్లలకు వండాలి మరి. ఆవిడ మరిది మాత్రం లారీని తెచ్చి నడివాగులో నిలబెట్టి, ఇంజన్ జిడ్డంతా అందులోనే కడిగేవాడు. చెప్పీ చెప్పీ ఆవిడ నోరు పడిపోయింది.

అంతలో వాగును కాపాడేవాళ్లకు డబ్బిచ్చే పథకం వచ్చింది. బడి వరండాలో కుర్చీలు వేయించి, ఆఫీసరు జాబితా చదివాడు. మొదటి పేరే మరిదిది. వాగులో లారీ కడగడం మానేస్తానని సంతకం పెట్టాడట! అందరూ చప్పట్లు కొట్టారు. మరిది మీసం దువ్వుకున్నాడు.

"మరి నా పేరేదండీ?" అందావిడ.

ఆఫీసరు కాగితాలు తిరగేశాడు. "మీరు మానెయ్యడానికేముందమ్మా? ఎప్పుడూ పాడుచెయ్యలేదుగా!" అన్నాడు, అదేదో ఆవిడ తప్పయినట్టు.

మర్నాడు ఆఫీసరు వాగు లోతు కొలుస్తుంటే, ఆవిడ ఎంగిలి నీళ్ల బకెట్టుతో ఒడ్డుకు వెళ్లింది.

"ఇవాళ మొదలుపెడతాను, రేపు మానేస్తాను. రాసుకోండి."

సిగ్గుపడతాడనుకుంది. ఆ మహానుభావుడు హుషారుగా ఫోన్ తీశాడు. "అలాగేనమ్మా, వచ్చే ఏడాది జాబితాలో ఎక్కిస్తా. బకెట్టు కాస్త వంచండి, ఫోటోలో పడాలి."

"పొయ్యి వదినా, ఒక్క బకెట్టేగా!" పక్కనే ఉన్న మరిది ఎగదోశాడు.

ఆవిడ ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "మీ మొహాన కొట్టడానికి ఈ ఎంగిలి నీళ్లు కూడా దండగ," అని, బకెట్టు మోసుకెళ్లి బడి వెనక గుంటలో కుమ్మరించింది.

ఊరికి మాత్రం కిటుకు దొరికింది. నెల తిరక్కుండానే, ఏనాడూ వాగు మొహం చూడని పెద్దమనుషులు కూడా బళ్లు కడగడానికి బారులు తీరారు. వచ్చే ఏడాది మానెయ్యాలంటే ఈ ఏడాది మొదలుపెట్టాలి కదా! ఆవిడ బిందె పట్టుకుని మైలు దూరం ఎగువకు నడవాల్సి వచ్చింది.

ఓ మధ్యాహ్నం మరిది చెమటలు కక్కుతూ ఆవిడ ఇంటికొచ్చాడు.

"కాసిని మంచినీళ్లియ్యి వదినా. రేవులో నీళ్లు నోట పెట్టుకునేలా లేవు."

నేల కడగడానికి తెచ్చుకున్న రేవు నీళ్లు గ్లాసుతో ముంచి, నూనె తెట్టుతో సహా అతని ముందు పెట్టిందావిడ.

"తాగు నాయనా. నువ్వు కాపాడిన నీళ్లే."

మరిది గ్లాసు ముట్టుకోలేదు. సణుక్కుంటూ చెప్పులేసుకుని పోయాడు. ఆవిడ వెనక్కి పిలవలేదు.