ఎలీషా హాలు

రాజోలు దగ్గరి ఆ ఊళ్ళో చర్చి పక్కనున్న హాలును స్త్రీల సమాజం కట్టింది. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు గుప్పెడు తీసి పక్కన పెడతారు. ఆదివారం సంచిలో తెచ్చి చర్చిలో బల్ల ముందున్న గంపలో పోస్తారు. ఆరాధన అయ్యాక ఆ బియ్యాన్ని వేలం వేస్తారు. హాలు గోడలు ఆ బియ్యంతో లేచినవే.

ఈ వేసవిలో సంఘపెద్ద ఎలీషా సొంత ఖర్చుతో హాలుకు టైల్స్ వేయించాడు. గుమ్మం పైన నల్లరాయి పెట్టించి, దాని మీద ఇంగ్లీషులో ‘ఎలీషాస్ హాల్’ అని చెక్కించాడు.

హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన కృపమ్మ రాయి కింద నిలబడి చదివింది. ఎలీషా ఆమె దగ్గర చదువుకున్నవాడే.

“అపాస్ట్రఫీ సరిగ్గా పెట్టించేనాండీ, టీచరుగారూ?” అన్నాడు.

“పెట్టించేవు. ఆ గుర్తు ఏం చెబుతుందని నేర్పేను?”

“సొత్తు ఎవరిదో చెబుతుందన్నారండీ.”

“మరి ఈ హాలు నీదా?”

“ఊరికే పేరండీ. టైల్స్ వేయించింది నేనే కదండీ.”

“అయితే టైల్స్ మీద రాయించుకో. గోడలు మావి.”

“ఇంకా బెత్తం దించలేదండీ మీరు!” అన్నాడు ఎలీషా. పక్కనున్న చర్చి కమిటీవాళ్ళు నవ్వారు. రాయి తీయలేదు.

కృపమ్మ అటునుంచి అటే పేటలోకి వెళ్ళి, రాయి మీద ఏముందో ఇంటింటికీ తెలుగులో చెప్పింది.

ఆదివారం ఆరాధనలో, గంపలో బియ్యం పోసే వేళ పాడే కానుకల పాట మొదలైంది. ఆడవాళ్ళు ఒళ్ళో సంచులు పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ లేవలేదు. పాట అయిపోతే పాస్టరు ఎబినేజర్ మళ్ళీ పాడించాడు.

“బియ్యం తేలేదామ్మా?” అని అడిగాడు.

“తెచ్చేమండీ, అయ్యగారూ,” అంది చిన్నమ్మలు. ఆ సంఘంలో అందరికంటే పెద్దది ఆమె. “ఎలీషాగారి హాలంట కదండీ. ఆయనగారింటి బియ్యమే పొయ్యమనండి.”

ఎలీషా తన భార్య వైపు చూశాడు. శారోన్ ఆ వరసలోనే ఉంది. ఆమె ఒళ్ళోనూ సంచి ఉంది. లేవమన్నట్టు తల ఊపాడు.

“పెళ్ళైన కాణ్ణించీ నేనూ పోస్తన్నానండీ,” అంది శారోన్ అందరికీ వినబడేలా. లేవలేదు.

ఆ రోజు వేలం జరగలేదు.

సాయంత్రం ఎలీషా కృపమ్మ ఇంటికొచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“రాయి తీయించేస్తానండీ. ‘విమెన్స్ హాల్’ అని చెక్కిస్తాను. గుర్తు ఎస్‌కి ముందాండీ, తర్వాతాండీ?”

“ముందు. విమెన్ అంటేనే ఆడవాళ్ళందరూ. ఆ మాట అవగానే గుర్తు.”

“ఆయ్.”

“కొత్త రాయి మాత్రం నువ్వు కొనకు,” అంది కృపమ్మ. “మా బియ్యంతో మేమే కొనుక్కుంటాం.”