బాక్సు ఎటు పోతోంది?

పొద్దున్నే మిషన్ తుడిచి, సూదికి దారం ఎక్కించి, ఎక్స్‌టెన్షన్ బాక్సు ఎందాకా పోయిందో చూసి వెనక్కి తెచ్చుకోవడం బొత్తాలమ్మకు ఈ వారం పట్టుకున్న పని. బట్టలు కుట్టే ఆవిడ నోట్లో ఎప్పుడూ నాలుగు బొత్తాలు ఉంటాయి కాబట్టి వీధివాళ్లు ఆ పేరు ఖాయం చేశారు. బాక్సు సంగతంటారా, అది నడుస్తుంది. తాబేలుకే విసుగు పుట్టేంత నెమ్మదిగా నడిచి, వైరు బిగుసుకున్నచోట ఆగుతుంది. ఆవిడ దాన్ని తెచ్చి మళ్లీ బల్ల కింద పెడుతుంది.

గదిలో గోడకున్నది ఒకటే ప్లగ్గు. మిషన్‌కీ లైటుకీ ఆ బాక్సు సరిపోయేది. ఆసుపత్రివాళ్లు నర్సులు తొడుక్కునే తెల్లకోట్లు అరవై కుట్టి శనివారానికల్లా ఇమ్మన్నారు. నచ్చితే ఏడాది పొడుగునా పని. ఇక ఇస్త్రీపెట్టె చల్లారే వీల్లేదు. చలికి కాలివేళ్లు కొంకర్లు పోతున్నాయని కాళ్ల దగ్గర హీటరూ పెట్టుకుంది. ఈ రెండింటికీ ఇంకో బాక్సు కొని, పాతదానికే తగిలించి, కాలికి అడ్డం రాకుండా అత్తగారి మంచం కింద గుడ్డముక్కల కుప్పలోకి తోసేసింది. పాత బాక్సు నడక మొదలెట్టింది ఆ రోజే.

శుక్రవారం మధ్యాహ్నం బస్సు డ్రైవరు ప్యాంటు అంచు కుట్టించుకోవడానికి వచ్చాడు.

"మీ బాక్సు ఇవాళ స్టూలు దాటినట్టుందే!"

"పనీ పాటా లేదు దానికి, తిరుగుతుంది," అంది బొత్తాలు బుగ్గన పెట్టుకుని.

"ఊరికే తిరిగేదైతే రోజూ ఒకే దారినెందుకు పోతుందక్కా? దానికీ ఓ రూటుంది. ఆఖరి స్టాపు ఎక్కడో చూశావా?"

అతను వెళ్లాక ఆవిడకు చెయ్యి ఆడలేదు. కుట్టాల్సిన కోట్లు ఇంకా పదమూడున్నాయి. గోడ ప్లగ్గు పీకితే మిషన్ ఆగుతుంది, ఇస్త్రీపెట్టె చల్లారుతుంది. బాక్సేమో వైరును గుంజుతూనే ఉంది. పోతే అయిదు నిమిషాలు పోతాయిలే అనుకుని పీకేసింది.

బాక్సు అందుకోసమే కాచుకుని ఉన్నట్టు కదిలింది. బొత్తాలమ్మ మోకాళ్ల మీద పాకుతూ దాని వెనకే పోయింది. అది మంచం కిందకు దూరి, గుడ్డముక్కల్ని తోసుకుంటూ వెళ్లి, కొత్త బాక్సును ఆనుకుని ఆగిపోయింది.

ఆవిడ ముక్కలు పక్కకు లాగింది. తెల్ల గుడ్డలు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. కొత్త బాక్సు ఓ పక్క కరిగి వంగిపోయింది. ముట్టుకోబోయి చురుక్కుమంటే చెయ్యి లాక్కుంది. రెండు రోజులుగా మాడు వాసన వస్తుంటే ఇస్త్రీపెట్టెను తిట్టుకుంటోంది తను. సరిగ్గా జానెడు పైన అత్తగారు నిద్రపోతోంది.

మంచం కిర్రుమంది.

"ఏమే, ఆపేశావా?"

"ఏంటి అత్తయ్యా?"

"అదే, నా నడుముకని మంచం కింద ఏదో వెచ్చగా పెట్టావుగా, వారం నుంచీ. చెబుదామనే అనుకున్నా. హాయిగా ఉందే."

ఇరవై ఏళ్లలో అత్తగారు ఆవిడ చేసినదాన్ని మెచ్చుకోవడం అదే మొదలు. బొత్తాలమ్మ అక్కడే నేలకు నుదురు ఆనించి ఏడ్చేసింది. తను వెచ్చబెట్టుకున్నది తన కాళ్లని.

కోట్లు రెండు రోజులు ఆలస్యమయ్యాయి. ఆసుపత్రివాళ్లు మొహం ముడుచుకునే తీసుకున్నారు. ఈలోగా ఎలక్ట్రీషియన్ వచ్చి గోడకు ఇంకో ప్లగ్గు పెట్టాడు. దానికి ఇస్త్రీపెట్టె ఒక్కటే. అది తీశాకే హీటరు, అదీ అత్తగారి వైపుకి, మంచానికి దూరంగా. మంచం కింద ఇప్పుడు చీపురు అడ్డం లేకుండా తిరుగుతుంది. మాడని ముక్కలన్నీ ఏరి బొత్తాలమ్మ ఓ బొంత కుట్టింది.

అత్తగారు బొంతను గడ్డందాకా లాక్కుని కాసేపు చూసింది.

"అప్పటంత వెచ్చగా లేదే," అంది.

ఆ సణుగుడు చెవినపడితే బొత్తాలమ్మకు ప్రాణం లేచొచ్చింది. వంగి బల్ల కిందకు చూసింది. బాక్సు పెట్టినచోటే ఉంది.