సిస్టరమ్మ వేళ్ల కింద

నేను ఒక కీబోర్డును. మీటల మీద అక్షరాలన్నీ చెరిగిపోయిన కీబోర్డును. నా బోడి మొహం చూసి నవ్వేవాళ్లు నవ్వుకోండి, నాకేం సిగ్గు లేదు.

నేను ఏ దేశంలో పుట్టానో నా వీపు మీద రాసి ఉంది. ఇంతవరకు ఒక్కరూ తిప్పి చూడలేదు. మొదట ఒక లాయరుగారి గుమాస్తా నన్ను ఏలుకున్నాడు. నా మీదే ఉప్మా తినేవాడు మహానుభావుడు. ఆ రవ్వ ఇంకా నా కడుపులోనే ఉంది. తర్వాత ఒంగోలులో డీటీపీ షాపు నడిపే మస్తానయ్య నన్ను పాత సామాన్లలోంచి ఏరుకొచ్చాడు. పదహారేళ్లు ఆయన చేతి కిందే అరిగాను.

మస్తానయ్య మంచివాడే గాని మొండివాడు. శుభలేఖలు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి నేర్చుకున్నాడు, ఇక లోకంలో ఏ రాతకైనా అదే. జలుబుకీ జ్వరానికీ ఒకటే మాత్ర. కార్డు వరకు దానికి వంక పెట్టను. పేజీలో డబ్బా గీసి, అందులో అక్షరాలు పోసి, చుట్టూ మామిడాకులు అతికిస్తే చూడముచ్చటగా ఉండేది.

ఆ షాపుకి ఒకరోజు ఎలీశమ్మగారు వచ్చింది. ముప్పై నాలుగేళ్లు పల్లెల్లో పురుళ్లు పోసి రిటైరైన నర్సు. మస్తానయ్య భార్యకు పురుడు పోసిందీ ఆవిడే, అందుకే ఆయనకు సిస్టరమ్మ. సంచిలో పదకొండు నోటుపుస్తకాలు. అన్నీ ఆ పురుళ్ల కథలే.

"కళ్లల్లో నీటికాసులంట మస్తానయ్యా. ఏడాది మించి చూపు నిలవదన్నాడు డాక్టరు. ఈలోగా పుస్తకం అయిపోవాల."

మస్తానయ్య అలవాటు చొప్పున పేజీకొక డబ్బా గీసి కొట్టడం మొదలుపెట్టాడు. నూట తొంభై పేజీలు, నూట తొంభై శుభలేఖలు. చిక్కెక్కడంటే, సిస్టరమ్మకు రోజూ ఏదో ఒకటి గుర్తొచ్చేది. పన్నెండో పేజీలో నాలుగు వాక్యాలు కలపమనేది. కలిపితే ఆ డబ్బా పొంగిపోయేది. మిగిలినది పదమూడులోకి, దాన్లోది పద్నాలుగులోకి చేత్తో మోయాలి. రోజంతా ఆ మోతే.

"ఏంది సిస్టరమ్మా, పన్నెండో పేజీకే మళ్లీ నాలుగు వాక్యాలు తెచ్చారా? ఇంక చాలించండి," అని విసుక్కున్నాడు ఒకసారి. ఆవిడ ఆ వాక్యాలున్న చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. చెప్పులు సరిపోలేదని కాళ్లు తెగ్గోసుకోవడమంటే ఇదే కదా అనుకున్నాను.

ఎనిమిది నెలలకు ఆవిడకు తెర మీద అక్షరాలు మసకబారాయి. "నా ఫోను మెసేజీలు చదివి వినిపిస్తది గదా. ఇది నా పుస్తకం చదవదా?" అంది.

మస్తానయ్య ఏదో నొక్కాడు. కంప్యూటరు గొంతు విప్పి, "డబ్ల్యూ, డాలర్, కామా, క్యూ..." అని వల్లించింది. ఆ పాత ఫాంటుకు పైపై రూపం తెలుగే గాని, లోపల ఉన్నవన్నీ ఇంగ్లీషు గుర్తులు. సిస్టరమ్మ ముందు నవ్వింది. తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"తప్పు నాదే," అన్నాడు మస్తానయ్య. "మీరేం రాస్తన్నారో అడక్కుండానే మొదలుబెట్టినా."

మర్నాడే మామూలు రాత సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టాడు. మామిడాకులూ లేవు, డబ్బాలూ లేవు. ఎంత కొట్టినా కాలవలాగా కిందికి పారుతుంది, పైగా లోపలా బయటా తెలుగే. కానీ దానికి మీటల వరస వేరు. పదహారేళ్ల అలవాటున్న వేళ్లు నా మీద తడబడుతుంటే జాలేసింది. పాత ఫాంటులో కొట్టినదాన్ని మార్చే సాధనమేదో వాడితే ఒత్తులు ఊడిపోయాయి. చివరికి మొత్తం మళ్లీ కొట్టాడు, ఈసారి విసుక్కోలేదు. పక్కన కూర్చుని సిస్టరమ్మ కూడా ఆ వరస నేర్చుకుంది. చీకటి గుడిసెల్లో కడుపు తడిమి బిడ్డ తల ఎటుందో చెప్పిన వేళ్లవి. నా మధ్య వరసలో రెండు మీటల మీదుండే చిన్న గీతలను పట్టుకుని, మిగతావన్నీ వెతుక్కుంది.

చివరి రెండు కథలుండగా చూపు పూర్తిగా పోయింది. మస్తానయ్య కంప్యూటరును ఆవిడ ఇంటికే చేర్చి, "అక్షరాలున్న కొత్త కీబోర్డు తెస్తా," అన్నాడు.

"అక్షరాలు నాకెందుకయ్యా? దీన్నే ఉండనీ," అంది ఆవిడ.

పాత సామాన్లలోకి మళ్లీ పోతాననుకున్నదాన్ని, ఆ మాటతో బతికిపోయాను.

నిన్న పుస్తకం ముగిసింది. మొదటినుంచీ చదవమంది. కంప్యూటరు తెలుగులో చదువుతుంటే, కళ్లు మూసుకుని వింటూ పన్నెండో పేజీ దగ్గర ఆపింది. సంచిలో మడిచి పెట్టిన చీటీ సంగతి గుర్తొచ్చినట్టుంది.

మస్తానయ్య గబుక్కున కుర్చీ దగ్గరికి జరిపాడు. "చెప్పండి సిస్టరమ్మా, నేను కొడతా."

"వద్దులే," అని నా మీద చేతులు పెట్టి, ఆ నాలుగు వాక్యాలు తనే రాసింది. వెనకున్న పేజీలన్నీ నోరెత్తకుండా జరిగి చోటిచ్చాయి.