భర్తకు ముందు ఒక మాట

కంపెనీ ఉత్తరంలో ఇన్సాఫ్‌కు అర్థమైంది ఒక్క మాటే. అదీ నిఘంటువు తిరగేస్తే తేలింది: సంతాపం. అంతే, ఉడుకుతున్న చిక్కుడు గింజలను పొయ్యి మీదే వదిలేసి, తలగుడ్డ సగం చుట్టుకుని పోర్ట్ సయీద్ వీధుల్లో పరుగు లంకించుకుంది.

ఆమె భర్త రమ్జీ సరుకుల ఓడలో ఇంజను గది పనివాడు. ఓనరు చేతులెత్తేయడంతో ఆ ఓడ ఐదు నెలలుగా పరాయి రేవులో పడి ఉంది. పనివాళ్ళను ఇళ్ళకు పంపే జాబితా తయారవుతోందని విని, ఇన్సాఫ్ కంపెనీకి తనే ఇంగ్లీషులో ఉత్తరం రాసింది. ఎవరినీ అడగలేదు. వచ్చింది అరకొర ఇంగ్లీషే గానీ, పౌరుషానికేం తక్కువ లేదు.

నాలుగంతస్తులు ఎక్కి, బళ్ళో తనకు ఇంగ్లీషు చెప్పిన ఎవెలిన్ టీచరు తలుపు బాదింది.

"అబ్లా, ఆయన ఎప్పుడు పోయాడో చెప్పండి. దాచొద్దు!"

ఊరంతా అబ్లా అని పిలిచే ఆ పెద్దావిడ కళ్ళద్దాల కోసం ఇల్లంతా వెతికింది. చివరికి అవి నెత్తిమీదే దొరికాయి. ఇన్సాఫ్‌కు ఏడవాలో అరవాలో తెలియలేదు.

"సంతాపం చెప్పి, జాబితాలో పేరు కొట్టేశామన్నారు. ఇవాళ సాయంత్రం జాబితా మూసేస్తారట," అంది ఎవెలిన్, ఇన్సాఫ్ తెచ్చిన ఉత్తరం చదివి. "వాడు చనిపోయాడని నువ్వే రాశావటగా?"

"నేనా! నా నోరు పడిపోను! రావడం ఆలస్యమైందని రాశానంతే."

"ఏమని రాశావే?"

"మై లేట్ హస్బెండ్..."

ఎవెలిన్‌కు నవ్వు రాబోయి ఆగిపోయింది. "ఓసి పిచ్చిదానా! లేట్ అన్న మాట మొగుడికి ముందు పెడితే మొగుడు పోయాడని. వెనక పెడితేనే ఆలస్యమని. మై హస్బెండ్ ఈజ్ లేట్. ఎన్నిసార్లు చెప్పాను? పాఠం చెబుతుంటే కిటికీలోంచి ఓడలు లెక్కపెట్టేదానివి."

"అయితే ఆయనకేం కాలేదా?"

"వాళ్ళకు తెలిసిందల్లా నువ్వు రాసిందే. కూర్చో, తిరిగి రాస్తాను."

కూర్చుంటేనా! కలం కదులుతున్నంతసేపూ ఇన్సాఫ్ గది ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతూనే ఉంది. ఫ్యాక్స్ కొట్టు రెండింటికి మూసేస్తారు. గడియారంలో అప్పుడే ఒకటిన్నర దాటింది. గోడ మీద నల్ల రిబ్బను చుట్టిన, ఎవెలిన్ భర్త గిర్గిస్ మాస్టారి ఫోటో ముందుకు వచ్చిన ప్రతిసారీ చూపు తిప్పుకుంది. భయానికి నోరు ఊరుకోక, ఆ పాడు మాటే గొణుగుతోంది: "మై లేట్ హస్బెండ్... మై లేట్..."

ఎవెలిన్ చప్పున లేచి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. రాసిన కాగితం మడిచి ఇన్సాఫ్ గుప్పెట్లో కుక్కింది.

"ఆ మాట నాదే పిల్లా," అంది. "నాలుగేళ్ళుగా తప్పు లేకుండా రాస్తున్నాను. నీకెందుకది? ఇక్కడే వదిలేసి పరుగెత్తు."