నీడపట్టున ఒక గంట

కోడలు ఆ రోజు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ల్యాబుకు వచ్చింది. పదకొండింటికి పరిశీలకుడు వస్తాడు. ఆమె చేసిన పొర అతినీలలోహిత కాంతిని పసిగడితే పరిశోధన ఇంకో ఏడాది సాగుతుంది, లేదంటే ల్యాబు తాళాలు అప్పగించాల్సిందే. పొరంటే మరేం కాదు, గాజుపలక మీద వెంట్రుకలో వందోవంతు మందాన పరిచిన జింక్ ఆక్సైడు, అందులో కాస్తంత అల్యూమినియం. కంటికి ఆనని ఆ కాంతి సోకితే చాలు, దానిలో కరెంటు ఎగబాకుతుంది.

అలాంటి రోజునే కోడలి పనేమిటో చూస్తానని అత్తగారు వెంటపడి వచ్చింది. పలకను అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఏముందమ్మాయ్, ఉత్త గాజేగా," అనేసింది. మూడేళ్ల కష్టాన్ని ఉత్త గాజంటే ఎవరికి మండదు? కోడలు దాన్ని చరచరా కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఎండలో వాల్చిపట్టి, సన్నగా మెరిసే రంగులు చూపించింది. అత్తగారు ఒప్పుకునేదాకా వదల్లేదు. అందుకు పావుగంట పట్టింది.

పరిశీలకుడు వచ్చాడు. పొర మీద అతినీలలోహిత దీపం వేశారు. మీటరు ఉలకలేదు, పలకలేదు. అంకె మొదటినుంచీ పైనే ఉంది, అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు. ఆయన పెన్ను తీశాడు.

అప్పుడు తట్టింది కోడలికి. ఈ పొరకు ఎండ సోకితే ఆ కరెంటు ఓ పట్టాన దిగదు. కొలిచే ముందు చీకట్లో ఉంచాలని కొత్తగా చేరినవాళ్లను చెవినిల్లు కట్టుకుని పోరేది తానే! చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే పనే పోతుంది.

"తప్పు నాదేనండీ. మా అత్తగారికి గొప్పగా చూపిద్దామని పొద్దున దీన్ని ఎండలో పెట్టాను. ఒక్క గంట చీకట్లో ఉంచనివ్వండి," అంది తల వంచుకుని.

ఆయన గడియారం చూసుకున్నాడు. అత్తగారు వెంటనే కుర్చీ లాగి ఆయన ముందు వేసింది. అమ్మాయిని రెచ్చగొట్టింది తానేననీ, ఎండన పడి వచ్చిన మనిషైనా కాసేపు నీడపట్టున కూర్చుంటేగానీ తేరుకోడనీ చెప్పింది. ఆపైన ఆయన మోకాళ్ల నొప్పులు మొదలుకొని మనవల చదువుల దాకా ఆరా తీసింది. పాపం, ఆయనకు లేచే సందే దొరకలేదు.

గంట తర్వాత, వెలుతురు చొరబడని నల్లపెట్టెలో ఉంచిన పొరకు మీటరు తగిలిస్తే, అంకె బుద్ధిగా కిందికి దిగి ఉంది. పెట్టెలో దీపం వేయగానే ఒక్క ఉదుటున పదిరెట్లు ఎగిరింది. పరిశీలకుడు ఇంకో ఏడాదికి సంతకం పెట్టేశాడు.

వరండాలోకి వచ్చాక కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అత్తగారు ఆమె భుజం మీద చెయ్యి వేసి, "అయితే ఇంకో ఏడాది పొద్దున్నే నీ క్యారేజీ సర్దడం నాకు తప్పదన్నమాట," అంది. ఆవిడ మొహం సంతోషంతో వెలిగిపోతోంది.