నీటికాకులు వాలిన గుంజ

నేను ఒక సరుగుడు గుంజను. ఒకరి బరువు మోయడమే నా ఉద్యోగం. ఇసుక తోటలో పెరిగాను. గొడ్డలి పడ్డాక షామియానాల వాడి పాలయ్యాను. పెళ్ళిళ్ళలో నాకు మావిడాకులు కట్టారు, ఎన్నికల సభల్లో జెండాలు కట్టారు. పొద్దున ఒక పార్టీది, సాయంత్రం దాన్ని తిట్టే పార్టీది. మొదలు కాస్త చీలగానే నన్ను వదిలించుకున్నారు.

అప్పుడు నన్ను తెచ్చుకున్నది మసేనమ్మ. మడ అడవి పక్కన, సముద్రంలో కలిసే పాయలో ఆమెకు పీతల దడి ఉంది. చుట్టూ వల కట్టి, లోపల మెత్తటి పీతల్ని వదిలి, బలిశాక అమ్ముతుంది. ఆ పాయ మీది వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. దడి నడుమ గుంజ పాతి, పైన అడ్డకర్ర కొడతారు. నీటికాకులు వచ్చి వాలి రెట్టలు వేస్తాయి. ఆ సత్తువకు నాచూ పురుగూ పెరిగి పీతలు బలుస్తాయి. మసేనమ్మ నాకు ఏకంగా మూడు అడ్డకర్రలు కొట్టింది.

"పిట్టలకి మేడ కడతన్నావా వదినా?" అంది పక్క దడి సూరీడమ్మ.

"అద్దె రెట్టల్లో ఇత్తాయిలే. నీకేటే ఏడుపు?"

నిజంగానే ఇచ్చాయి. ఒంటి మీద తెల్లగా ఎండిన ఆ రెట్టలను నేను అలంకారమే అనుకున్నాను. నా కింద పట్టిన పీతల్లో మేలైనవి మసేనమ్మ అమ్మేది కాదు. కూతురు వరాలు కడుపుతో పుట్టింటికి వచ్చి ఉంది. "తినవే, బిడ్డకి బలం" అంటూ పులుసు పెట్టేది. ఆ పక్షులు పగలంతా ఎక్కడ మేసి వస్తున్నాయో ఎవరూ అడగలేదు. నాకూ అడగాలనిపించలేదు.

ఒక మధ్యాహ్నం, పీతలు కొనే వలీ మసేనమ్మ బుట్టల్ని వెనక్కి గట్టుకు తెచ్చాడు.

"కంపెనీవోళ్ళు వద్దన్నారక్కా. పరీచ్చ చేత్తే ఇసం తేలిందంట. ఫ్యాక్టరీ మందు."

"ఇక్కడ ఫ్యాక్టరీ ఏది తమ్ముడూ? గంగమ్మ సాచ్చి, నేను మందు చుక్క ఎయ్యలేదు!"

"నువ్వెయ్యలేదు. అవేశాయి." నా నెత్తి మీదికి చెయ్యి చూపించాడు. "టౌను అవతల ఫ్యాక్టరీ మురుగు దిగే చెరువుంది కదా. ఈ కాకులు పొద్దున్నే అక్కడే దిగుతాయి. బండి మీద వత్తా రోజూ చూత్తాను. ఆ చేపలు మింగి, ఇక్కడికొచ్చి రెట్టేత్తన్నాయి."

మసేనమ్మ బుట్టల వంక చూడలేదు. ఇంటి వంక చూసింది.

"మరి మా అమ్మాయి తిన్నయ్యో?"

"ఆసుపత్రిలో అడుగక్కా. నాకేం తెలుత్తాది?" అన్నాడు వలీ తల దించుకుని.

ఆమె చీర ఎగదోపి నీళ్ళలోకి దిగింది. నన్ను పట్టుకుని ఊపి ఊపి పెకలించి గట్టు మీదికి ఈడ్చి పడేసింది. ఆసుపత్రికి మర్నాడు వెళ్ళాలి. ఆ రోజుకు ఆమె చేయగలిగింది అదొక్కటే.

సాయంత్రం నీటికాకులు వచ్చాయి. నేను లేని చోట గాలిలో ఒక చుట్టు తిరిగి, పాయ మీదికి వంగిన మడ చెట్ల మీద వాలాయి. రెట్టలు పడి నీళ్ళలో టపటపా చప్పుడైంది. పోటు తగ్గి, ఆ నీళ్ళు సముద్రం వైపు సాగాయి.

ఇంట్లోంచి వరాలు కేకేసింది. "అమ్మా, ఇయ్యాల పీతలేయే?"

"దొరకలేదే."

"అంత దడిలో ఒక్కటీ దొరకలేదా? నాకు అదే తినాలనుంది."

మసేనమ్మ బురద చేతులు కడుక్కుందామని పాయలోకి వంగి, నీళ్ళు తాకకుండానే ఆగిపోయింది.